బదులు రాని పాట

నాకు పుట్టుకతో వచ్చిన రోగం ఒకటుంది. ఏదైనా సంగతి తెలియకపోతే నిద్ర పట్టదు. మా పెద్దమ్మ పాట ఎందుకు మానేసిందన్నది పదకొండేళ్ళుగా నన్ను అలాగే తొలిచేస్తోంది. పర్చూరు పక్కన మా ఊళ్ళో మిరప కోతలకీ పత్తి తీతలకీ వెళ్ళే ఆడవాళ్ళ ముఠాకి ఆవిడే పెద్ద, ఆవిడే పాట మొదలెట్టేది. ఆవిడ చరణం అంటే తక్కినవాళ్ళంతా వంత పాడేవాళ్ళు. సెలవుల్లో నేనూ వెళ్ళి గొంతు కలిపేదాన్ని. అలాంటి మనిషి ఒక ఏడు ఉన్నట్టుండి నోరు కట్టేసుకుంది. చర్చిలో కీర్తనలు తప్ప మరొకటి పాడదు. ఎందుకని అడిగితే "నీకెందుకే?" అనేది.

ఇప్పుడు నేను మంగళగిరిలో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసు దగ్గర ఒక బార్ అండ్ రెస్టారెంటులో శనివారం సాయంత్రాలు ఓపెన్ మైక్ పెడుతున్నారు. ఎవరైనా వెళ్ళి పాడొచ్చు. వారం వారం అవే సినిమా పాటలు వినీ వినీ ఒళ్ళు మండి, "మా ఊరి కోత పాట పాడతాను" అని పేరిచ్చి వచ్చేశాను. ఇంటికొచ్చాక గానీ తెలియలేదు, నాకు వచ్చింది వంత ఒక్కటే. "అవునో కాదో చెప్పవే వదినా." అంతే! చరణం ఒక్క ముక్క రాదు.

ఆదివారం ఊరెళ్ళాను. పెద్దమ్మ చర్చి నుంచి వచ్చి వసారాలో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. బార్ అనగానే చేతిలో కాయ కింద పడేసింది.

"తాగుబోతుల ముందు పాడతావా? సిగ్గు లేదటే నీకు?"

"పిల్లాజెల్లాతో కూడా వస్తారు పెద్దమ్మా. చరణాలు చెప్పు, రాసుకుంటా."

"రాసుకోడానికి అదేమన్నా కీర్తనల పుస్తకమా? ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద కట్టాలే. వాళ్ళు బదులు కట్టాలి. కోసుకుంటూ సాలు చివరికి చేరేలోపు బదులొస్తే కోపం లేనట్టు. రాకపోతే..."

అక్కడ ఆగింది. నేను వదిలే రకమా? రాకపోతే ఏమవుతుందని ప్రాణం తీశాను. చివరికి చెప్పింది.

మా వీధి చివరి ఇంటావిడ ముఠాలో పెద్దమ్మకి జోడీ. ఈవిడ ఒకటి విసిరితే ఆవిడ రెండు విసిరేది. ఒక రోజు ఆవిడ కళ్ళెర్రగా కోతకొచ్చింది. పెద్దమ్మ అలవాటు కొద్దీ అందుకుంది:

"కళ్ళెర్రబడ్డాయి కాయ ఘాటా వదినా?
ఇంట్లోని మనిషి సారా ఘాటా?"

ముఠా అంతా నవ్వుతూ వంత పాడింది. ఆవిడ బదులివ్వలేదు. కోత సంచి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ముందు రాత్రి వాళ్ళాయన తాగొచ్చి కొట్టాడని తర్వాత తెలిసింది. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఈ ఇద్దరూ ఇప్పటికీ ఒకే చర్చిలో చెరో మూల కూర్చుంటారు.

"తప్పయిందని చెప్పొచ్చుగా?" అన్నాను.

"పాటతో అన్నదానికి మాటతో సరిపోద్దటే?" అంది. ఆవిడ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నేను అడిగి అడిగి కెలికింది ఈ పుండునా అనిపించింది.

నేను బయల్దేరుతుంటే ఏమనుకుందో, నా కళ్ళజోడు వైపు చూసి ఒక చరణం విసిరింది. గబగబా ఫోన్లో రికార్డు చేసుకున్నాను.

శనివారం మైకు ముందు నిలబడ్డాను. పెద్దమ్మ అన్నది అన్నట్టే, పొల్లు పోకుండా పాడాను:

"ఆఫీసు పిల్లొచ్చె అద్దాలు పెట్టీ,
కాయేదొ ఆకేదొ కానకా కోసె!"

ఒక్కరూ తలెత్తలేదు. పల్లీలు నములుతున్నారు, ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరో చిల్లీ చికెన్ ఎక్కడని కేకేశారు. రెండోసారి పాడుతుంటే వెలిగింది నాకు. ఓసి నా తెలివి తెల్లారా! నా మీద కట్టిన చరణాన్ని నేనే నిలబడి పాడుకుంటున్నాను. ఇక బదులెవరిస్తారు?

ఎదురుగా చూశాను. కార్యక్రమం నడిపే ఆయన మార్చి ఎండల్లో నల్ల కోటు వేసుకుని, చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. నోటికొచ్చినట్టు అందుకున్నాను:

"మాడు పగిలే ఎండ, మైకు పట్టిన బావ,
కోటెందుకేశాడొ కనుక్కోరమ్మా!
అవునో కాదో చెప్పవో బావా!"

బల్లల దగ్గర నవ్వు మొదలైంది. ఆయన మొహం ఎర్రబడింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. బదులివ్వాలండీ, ఇదీ పద్ధతి అని చెప్పి మైకు ఆయన చేతికిచ్చాను. ఆయన గొంతు సవరించుకుని, శ్రుతీ గితీ లేకుండా ఎత్తుకున్నాడు:

"కోటు నాదే కాదు, కొనలేదు నేనూ,
బావమరిది పెళ్ళికి కుట్టించినాడూ!"

హాలంతా ఒక్క గొంతుతో వంత అందుకుంది. ఆ తర్వాత నేను ఎవరి వైపు చూస్తే వాళ్ళే లేచి బదులిచ్చారు.

మర్నాడు ఆ వీడియో పట్టుకెళ్ళి పెద్దమ్మకి చూపించాను. మూడుసార్లు పెట్టించుకుని చూసింది.

"ఆ కోటాయనకి కోపం రాలేదా?"

"బదులు కట్టాడుగా. ఇంకేం కోపం?"

"మొదట్లో ఆ చరణమేంటే? నీ మీదది నువ్వే పాడుకున్నావా?" అని పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, చటుక్కున ఆపేసింది. తర్వాత ఒళ్ళో తొడిమలు దులుపుకుని లేచి చెప్పులేసుకుంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. నేను ఆగుతానా? వెనకే వెళ్ళాను.

వీధి చివరి ఇంటావిడ కూడా గుమ్మంలో కూర్చుని తొడిమలే తీస్తోంది. మమ్మల్ని చూసి తల దించుకుంది. పెద్దమ్మ గేటు దగ్గరే ఆగి, సగం గొంతుతో ఎత్తుకుంది. ఆ రోజు ఆవిడ ఇవ్వాల్సిన బదులును తన మీద తనే కట్టుకుంది:

"కాయ పెట్టిన మంట కడిగితే పోయె,
నోరు పెట్టిన మంట పోదాయె వదినా..."

వంత అందుకుందామని నేను నోరు తెరిస్తే పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. గుమ్మంలో చేతులు ఆగాయి. ఆవిడ తలెత్తలేదు. పెద్దమ్మ వెనక్కి తిరగబోయింది.

"అంత చిన్నగా పాడతావేం వదినా?" అంది ఆవిడ. "సాలు చివర్న ఉన్నదానికి వినబడొద్దూ? మళ్ళీ పాడు."