డెబ్బై రెండు వర్గమూలం

నిన్న ఆత్మకూరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్నామె చేతుల నుంచి పచ్చి పత్తిమొగ్గల వాసన వచ్చింది. విత్తన పత్తి చేలో క్రాసింగ్ పనికి పోయొస్తున్నదని అడగకుండానే తెలిసింది. మొగ్గలు గోటితో ఒలిచి, మర్నాడు పొద్దున వాటికి మగపువ్వు రుద్దే ఆ పని నేనూ చేశాను. ఎంత సబ్బు పెట్టినా ఆ పసరు వాసన పోదు. వనపర్తి వచ్చేదాకా మణెమ్మ టీచరే గుర్తుకొస్తూ ఉన్నారు.

ఆమె మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. పదో తరగతిలో నేను రెండు నెలలు బడి మాని అమ్మానాన్నలతో క్రాసింగ్‌కు పోయాను. తిరిగొచ్చేసరికి వర్గమూలాల పాఠం అయిపోయింది. ఆ ఏడు నాన్న ఖరాఖండిగా చెప్పాడు: "పది పాసైతే సదువు. తప్పితే పత్తిసేనే. మల్ల ఏడ్సొద్దు." ఆయన్ను తప్పుపట్టలేను, ముగ్గురం చేస్తే తప్ప గడవని ఇల్లు మాది. మిగతావి ఎలాగో గట్టెక్కినా నన్ను ముంచేది లెక్కలేనని నాకు తెలుసు.

వచ్చిన మొదటిరోజే టీచర్ బోర్డు దగ్గరికి పిలిచి, డెబ్బై రెండు వర్గమూలం సూక్ష్మీకరించమన్నారు. స్నేహితురాలి నోట్సు చూసి కొంత పట్టుకున్నాను. సంఖ్యను విడగొట్టాలి, జోడీలు రూట్ గుర్తు బయటికి వస్తాయి, ఒంటరిది లోపలే ఉంటుంది. రెండు రెళ్ళు, రెండు మూళ్ళు, ఒంటరిగా ఇంకో రెండు. జోడీల్లో ఉన్నవాటినన్నిటినీ బయటికి తెచ్చి గుణించి, ముప్పై ఆరు రూట్ రెండు అని రాశాను. క్లాసంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. టీచర్ మాత్రం డస్టర్ ముట్టుకోలేదు.

"ఎట్ల అనుకొని రాసినవో చెప్పు."

"జోడి బయటికొస్తదంటిరి గద టీచర్. కాడి కట్టినంక రెండెడ్లూ పోతయ్. ఒకదాన్ని కొట్టంల ఇడిసిపెట్టి ఒకటే పోతదా?"

మళ్ళీ నవ్వులు. ఆమె అటు తిరిగి చూశారు, ఆగిపోయాయి.

"అనిత చెప్పింది నిజమే. రెండూ పోతయ్. మరి నాగలి దున్నితే సాలు ఎన్ని పడతయ్?"

"ఒకటే."

"గంతే. జోడి పోయినా బయట పడేది ఒకటే. ఇప్పుడు నువ్వు రాసినదాన్ని వర్గం చేసి సూడు. డెబ్బై రెండు మల్ల వస్తదా?"

చేశాను. రెండువేల ఐదువందల తొంభై రెండు వచ్చింది. ఈసారి నాకే నవ్వొచ్చింది. ఆరు రూట్ రెండు అని దిద్ది వర్గం చేస్తే డెబ్బై రెండు బుద్ధిగా వచ్చి కూర్చుంది.

"జవాబొచ్చిందని సంబరపడకు. వచ్చిన తొవ్వన వాపస్ పోయి సూడు" అన్నారామె.

ఆమె శాంతమూర్తేమీ కాదు. సరిచూడని పేపరిస్తే చదవకుండానే తిరిగిచ్చేసేవారు. ఎన్నిసార్లు విసుక్కున్నారో, నేనెన్నిసార్లు లోలోపల తిట్టుకున్నానో లెక్కలేదు. అయినా పరీక్షలదాకా రోజూ సాయంత్రం బడి విడిచాక నన్ను కూర్చోబెట్టుకునేవారు.

పరీక్షలో యాభై వర్గమూలానికి పద్దెనిమిది వర్గమూలం కలపమని వచ్చింది. కంగారులో లోపలి సంఖ్యలు కలిపేసి రూట్ అరవై ఎనిమిది అని రాశాను. పేజీ తిప్పబోయి ఆగాను. మొదటిది ఏడు దాటుతుంది, రెండోది నాలుగు దాటుతుంది. కలిస్తే పదకొండుకు పైనే ఉండాలి. అరవై ఎనిమిది వర్గమూలం తొమ్మిది కూడా లేదు. కొట్టేసి, ఐదు రూట్ రెండు, మూడు రూట్ రెండు, మొత్తం ఎనిమిది రూట్ రెండు అని రాశాను. ఆ లెక్కకు నాలుగు మార్కులు. నేను పాసైంది మూడు మార్కుల తేడాతో.

ఫలితం టీచరే నాన్నకు ఫోన్‌లో చెప్పారు. నాన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "ఇగ పత్తికి మనిద్దరమే పోదం తీ" అన్నాడు. నా గుండెల మీది బరువు దిగిపోయింది. గోడకు ఆనుకుని కూర్చుని హాయిగా ఏడ్చాను, ఆ రోజు ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు దవాఖానలో నర్సును. పోయిన వారం ఓ పసిబిడ్డకు మందు సిరంజిలోకి తీశాక, అలవాటుగా లెక్కను వెనక్కి చేశాను. పదింతలు ఎక్కువ తీశానని తేలింది. పారబోసి, మళ్ళీ కొలిచి తీసి, నిలబడి మరోసారి వెనక్కి లెక్క చూశాను.

"ఏందక్కా, గట్ల నిలవడ్డవ్?" అంది బిడ్డ తల్లి.

"ఏం లేదమ్మా, లెక్క సరిచూసుకుంటున్న."

ఆమె తలూపి, బిడ్డ చెయ్యి నా ముందుకు చాపింది.