నా ఉద్యోగానికి ఇల్లు చూడబోతామన్నారు

ఇంటరు తప్పి, ఎల్లారెడ్డిలో మా అరుగు మీద బీడీలు చుడుతున్న రోజులవి. నాకు పదిహేడేళ్లు. ఆ తునికాకు వాసనంటేనే ఒళ్లుమంట. అలాంటప్పుడు మంచి చీర కట్టుకుని ఒకావిడ ఆటో దిగింది. మా వీధిలో ఎవరికో దూరపు చుట్టమట. హైదరాబాదులో పెద్ద బ్యూటీ పార్లరు, పని వాళ్లే నేర్పుతారు, ఉండడం, తినడం అంతా ఉచితమట. నా చెయ్యి పట్టుకుని "గీ చేతులతోని బీడీలు చుట్టుడేంది బిడ్డా?" అంది. నేను ఐసైపోయాను. అప్పటికప్పుడే బ్యాగు సర్దేశాను.

మా నాయనమ్మా సంతోషపడింది. చిక్కంతా అక్కడే వచ్చింది. మా దగ్గర పిల్లనిచ్చే ముందు ఆడవాళ్లంతా బండి మాట్లాడుకుని పోయి పిల్లవాడి ఇల్లు చూసొస్తారు. వంటగది నుంచి బాత్రూం గొళ్లెం దాకా దేన్నీ వదలరు. నాయనమ్మ దృష్టిలో పిల్ల ఊరు దాటుతోందంటే పెళ్లైనా పనైనా ఒకటే.

"మంచిగున్నది. ఇల్లు చూడనీకి మేమెప్పుడు రావాలె?" అంది.

"మీరెందుకవ్వా? పిల్లొస్తే చాలు."

"గట్లెట్ల? అందరం వస్తం. జీపు మేమే మాట్లాడుకుంటం."

నిజం చెప్పొద్దూ, అరుగు మీద మాతో బీడీలు చుట్టే ఆడవాళ్లలో ఒక్కరికీ అనుమానమన్నదే లేదు. వాళ్ల ధ్యాసంతా చార్మినారు గాజుల మీద, బిర్యానీ మీద. జీపులో ముందు సీటు నాదంటే నాదని అప్పుడే కొట్లాట. నాకు తల కొట్టేసినట్టయింది.

"అడ్రసన్న చెప్పు, మేమే వస్తం" అంది నాయనమ్మ.

"పోయినంక ఫోన్ చేస్త" అని ఆమె లేచింది. నన్ను పక్కకు లాగి, "పొద్దున ఒక్కదానివే కామారెడ్డి బస్టాండుకు రా. ఫోన్ ఇంట్లనే పెట్టు" అని గుసగుసలాడింది.

పార్లరు కోసం ఇల్లు వదులుతాను గానీ ఫోన్ వదులుతానా? "ఫోన్ లేకుంటే ఎట్లుండాలె?" అని గట్టిగా అరిచాను. అరుగు మీద వాళ్లంతా ఇటు తిరిగారు. నాయనమ్మ లేచి ఆమె కొంగు పట్టుకుంది. "కూసో తల్లీ, చాయ్ తాగి పో" అంటూనే పక్కింటి అత్తకు సైగ చేసింది. చాయ్ మరిగేలోపు పోలీసులు వచ్చారు.

నా ఉద్యోగం చెడగొట్టారని నేను అన్నం మానేసి ఏడ్చాను. ముసలివాళ్లందరినీ నోటికొచ్చినట్టు తిట్టాను.

ఆ పార్లరు ఆవిడ చెప్పిన ఆచూకీతో పోలీసులు ఒక పిల్లను వెనక్కి తెచ్చారు. పిట్లం వైపు పిల్ల, నా ఈడుదే. పార్లరని తీసుకుపోయి, ఆ పిల్లను అమ్మేశారట. మా వీధిలో ఉండే వాళ్ల మేనత్త దగ్గరికి వచ్చి, మెల్లగా మా అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఊళ్లో అందరినీ అన్నీ అడిగే మా ఆడవాళ్లు ఆ పిల్లను ఒక్క మాట అడగలేదు. నవ్వించాలని మాత్రం జీపు కొట్లాట సంగతి చెప్పారు.

ఆ పిల్ల నవ్వింది కూడా. తర్వాత తల దించుకుని నాయనమ్మతో అంది: "నా ఎంట వస్తమని ఎవ్వరూ అనలే, అవ్వా."

ఆ పూట మా అరుగు మీద ఎవరికీ చెయ్యి ఆడలేదు.