జనపతాడుతో గీసిన ట్రాక్

నాకింకా ముప్పై అయిదు నిండలేదు గానీ మోకాళ్ళు ఎప్పుడో రిటైరయ్యాయి గనక, జ్ఞాపకాలు రాసుకునే హక్కు వచ్చేసిందనే అనుకుంటున్నాను. మొన్న మా పాత అథ్లెటిక్స్ జట్టు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు, మిర్యాలగూడ పక్కన మా చిన్న యూనివర్సిటీ మైదానంలో కొత్తగా వేసిన ఇటుకరంగు సింథటిక్ ట్రాక్. అందరూ చప్పట్ల బొమ్మలు పెడుతుంటే, ఇప్పుడు నేరేడుచర్ల బడిలో పీఈటీగా ఉన్న మా అక్క ఒక్కతే "కొలిచింది టేపుతోనా, తాడుతోనా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకే.

అక్క అంటే సొంత అక్క కాదు, సీనియర్. వేములపల్లిలో నాట్లకు పోయే ఇంటి పిల్ల. ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తేది. ఆ ఏడాది యూనివర్సిటీ జట్టులో పేరుంటేనే చదువు, లేకుంటే బట్టల షాపులో కొలువు అని వాళ్ళ నాయన తేల్చేశాడు. పేరు రావాలంటే మా పీడీ సారు పెట్టిన టైములోపల రెండు రౌండ్లు పూర్తిచేయాలి.

ట్రాక్ గీసే పని నాది. మేకు పాతి, రైసుమిల్లులో అడిగి తెచ్చిన జనపతాడు దానికి కట్టి, రెండో కొసన సున్నం పోసుకుంటూ తిరిగితే వంపు వస్తుంది. ముందురోజే కొలిచి ముడివేసిన తాడు వానకు నానిపోతే, ఆ తడి తాడుతోనే గీసేశాను. ఆ ట్రాక్ మీదే అక్క రెప్పపాటు తేడాతో గట్టెక్కింది. మేం ఈలలు వేసుకున్నాం.

మర్నాడు ఎండపొద్దున, చెదిరిన గీతలు దిద్దుదామని అదే తాడు తగిలిస్తే, కొస నిన్నటి గీత దాటి మూడడుగులు బయటికి పోయింది. తడిస్తే జనపతాడు కురచవుతుందని మిల్లులో ప్రతి హమాలీకీ తెలుసు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న నాకు తప్ప. అంటే అక్క ఉరికిన రెండు రౌండ్లకు పన్నెండు మీటర్లు తక్కువ. జట్టు జాబితా పోయేది మరుసటి పొద్దున.

దాచిపెట్టే ధైర్యం లేక అక్కకే చెప్పాను. తాడు కొసనుంచి గీతదాకా పాదం మీద పాదం పెట్టి కొలిచింది.

"పా, సారు కాడికి."

"జర ఊకో అక్కా. ఎవరికెర్కయితది?"

"నాకెర్కయింది గద."

"మల్ల ఉరికితే టైము రాకుంటే?"

"బట్టలు మడతబెడ్త. నీకు లుంగీలు సూపెడ్త."

సారు కోదాడ వైపు మనిషి. అంతా విని, "కొలిచింది ఈ మహానుభావుడేగా" అని, ఈసారి ఉక్కు టేపు తనే పట్టుకున్నారు. సాయంత్రం అక్క మళ్ళీ నిలబడింది. మొదటి రౌండు నిన్నటికన్నా వెనకే. చివరి వంపులో ఆమె అడుగు తడబడింది, నా భుజాన ఆ దిక్కుమాలిన తాడొకటి. గీత దాటి మోకాళ్ళమీద చేతులు పెట్టి వంగిపోయింది. సారు గడియారం ఒకసారి చూశారు, మళ్ళీ చూశారు, నాకు చూపించకుండా ఆమెకు చూపించారు.

"రాసేస్తున్నానమ్మా."

పెద్ద పోటీల్లో అక్క చివరినుంచి రెండో స్థానంలో వచ్చింది. అది మా జట్టు సంప్రదాయం. చదువు మాత్రం ఆగలేదు.

మిషనుతో కొలిచారట అక్కా, అని గ్రూపులో జవాబు పెట్టాను. ఎంత వాన కురిసినా ఆ ట్రాక్ ఇక అంగుళం కురచకాదు, ఎవరూ ఒకే పందెం రెండుసార్లు పరుగెత్తనక్కర్లేదు. మంచిదే. అయినా ఎందుకో ఆ ఫొటోను పెద్దది చేసి చాలాసేపు వెతికాను. నేను మేకు పాతిన చోటు ఎక్కడా కనబడలేదు.