మొయినాబాద్ దాకా ఫస్ట్ గేర్‌లో

నాకు కారు నడపడం వచ్చని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. లైసెన్సు తీసి చూపిస్తే, ఫొటో మాత్రం బాగా వచ్చిందంటాడు మా ఆయన. యాభై దాటాక స్టీరింగు పట్టుకున్నదాన్ని, అంతకంటే మెప్పు నేనూ ఆశించలేదు.

తప్పంతా నాది కాదు. నేను చేవెళ్లలో డ్రైవింగ్ స్కూల్‌లో చేరేనాటికే మా ఊరి మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. నేర్పే అతను నన్ను మొదటిసారి రోడ్డెక్కించిన రోజు ముందు టిప్పర్, వెనక టిప్పర్, ఎడమ పక్కన మనిషి లోతు గుంత. ఫస్ట్ గేర్ వేయడం, కాస్త పాకడం, ఆగడం. బాగా కలిసొచ్చిన రోజు సెకండ్. శిక్షణ అయిపోయేదాకా అదే తంతు. మూడో గేరు అడిగే రోడ్డే నాకు తగల్లేదు. ఇక నేర్చుకోవలసింది ఏమీ లేదని నేను అనుకున్నాను. నన్ను వదిలించుకోవాలని కాబోలు, అతనూ అలాగే అన్నాడు.

సరదాకే నేర్చుకున్నాను. మా ఆయన కారు ఎప్పుడూ ఆయన పార్టీ మనుషులతో నిండి ఉంటుంది. సర్పంచ్ పదవి పోయి చాలాకాలమైనా ఆ సంగతి కారుకు ఇంకా తెలియదు. పెళ్ళికో పేరంటానికో వెళ్ళాలంటే నేను వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చోవాలి. అందుకని మా తమ్ముడు అమ్మేద్దామనుకుంటున్న పాత చిన్న కారును నేను తీసుకున్నాను. అది మా వాకిట్లోకి వచ్చిన కొద్దిరోజులకే మా అక్కకు పక్షవాతం వచ్చింది.

అక్క మా వెనక వీధిలోనే కొడుకు, కోడలితో ఉంటుంది. కుడివైపు పడిపోయింది. కాలు త్వరగానే స్వాధీనంలోకి వచ్చింది. చేయి సగం వచ్చింది. మాట రాలేదు. మనం అనేవన్నీ అర్థమవుతాయి, తల తిప్పి చూస్తుంది, నోరు తెరుస్తుంది, "ఊ" అని ఆగిపోతుంది. వారానికి మూడుసార్లు మొయినాబాద్ దవాఖానకు తీసుకురమ్మన్నారు, చేతికి వ్యాయామం, మాటకు శిక్షణ. "మొదటి కొన్ని నెలల్లో ఎంత వస్తే అంత, ఆ తర్వాత కష్టమమ్మా" అని పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అక్క కొడుకు, కోడలు పొద్దున పూట పూలు కోయించి మార్కెట్‌కు పంపే పనిలో ఉంటారు. ఆ వేళప్పుడు ఖాళీగా ఉన్నదీ, కారు ఉన్నదీ నేనే.

మా అక్క మాట్లాడకపోవడమంటే ఏమిటో ఆమెను ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఆమె పొలం గట్టున నిలబడి కూలీలను పిలిస్తే పక్క చేనులో కూలీలు కూడా లేచి నిలబడేవారు. నా పెళ్ళిలో చీర కట్టు బాగాలేదని పీటల దగ్గరికి వచ్చి మరీ చెప్పింది, పంతులుగారు మంత్రం ఆపేసి విన్నారు. జీవితమంతా ఆ నోటికి జడిసి "అక్కా, జర ఊకో" అని బతిమాలుకున్నదాన్ని నేను. ఇప్పుడు ఆమె ఊరుకుంటే నాకు అన్నం సహించలేదు. కనీసం నన్ను ఒక్క తిట్టు తిట్టినా చాలని మొక్కుకున్నాను.

దవాఖానలో మాట నేర్పే అమ్మాయికి ఓపిక ఎక్కువ. చిన్నపిల్లల బొమ్మల కార్డులు ముందు పెట్టుకుని "అమ్మా, ఇదేంటి? ఆ... ఆ..." అని ఆవును చూపించేది. బుద్ధెరిగినప్పటి నుంచీ గొడ్ల మధ్య బతికిన మనిషిని పట్టుకుని ఇదేంటని అడిగితే తల కొట్టేసినట్టయిందేమో, అక్క ఆ బొమ్మను ఒకసారి, ఆ అమ్మాయిని ఒకసారి చూసి గోడవైపు తిరిగేది. పక్కన కూర్చుని "ఆవు అను అక్కా, ఆవు" అని నేను అందించబోతే నా ముఖం చూడటం కూడా మానేసింది.

ఇక రోడ్డు సంగతి. చేవెళ్ల నుంచి మొయినాబాద్ ఎంత దూరమని ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు, ఇవాళ ఎటు తిప్పారని అడిగేవారు. నిన్న ఎడమకు చూపిన బాణం బోర్డు ఇవాళ కుడికి చూపేది. ఒకరోజు ఆ బోర్డే వెల్లకిలా పడి ఆకాశం వైపు చూపించింది, దాన్ని చూసి నేను కాసేపు ఆలోచనలో పడ్డాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని మలుపు మలుపునా రాసిపెట్టారు. ఆ చింతించేవాళ్ళు ఎక్కడ ఉంటారో తెలిస్తే వెళ్ళి నాలుగు మాటలు చెప్పి వద్దామనిపించేది. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్ళు చల్లేవారు, దాంతో దుమ్ము కాస్తా బురదయ్యేది. మొయినాబాద్ దగ్గరికొచ్చేసరికి చిల్కూరు గుడికి పోయే మొక్కులవాళ్ళూ ఫామ్‌హౌస్‌లవాళ్ళూ తోడయ్యేవారు.

ఆ రద్దీలో నేనంటే అందరికీ ఎంత దయో. ఇంజన్ ఆగిపోయి నేను తాళం తిప్పుతూ కూర్చుంటే పక్క ఆటో అతను తల బయటపెట్టి, "క్లచ్ మెల్లగ ఇడువు అక్కా. ఫికర్ వెట్టుకోకు, ముంగట గూడ ఆగే ఉన్నది" అనేవాడు. బండి మీద పాలక్యాన్లు కట్టుకున్న పెద్దాయన ఒకాయన నా కిటికీ దగ్గర ఆగి, "బిడ్డా, అద్దం జర మలుపుకో, దాంట్ల నీకు నీ మొకమే కనవడ్తున్నది" అన్నాడు. నిజమే, వెనక వచ్చేవాటిని చూస్తే భయమని నేనే అలా తిప్పి పెట్టుకున్నాను. ఇక జెండాల మనిషి ఉండేవాడు. ఒక వరస బండ్లను ఆపి ఇంకో వరసను వదలడం అతని పని. నా కారు కనబడగానే అటువాళ్ళను ఆపేసి నాకు పచ్చజెండా ఊపేవాడు. నన్ను ఒకసారి ఆపితే మళ్ళీ కదిలించడం ఎంత కష్టమో అతను చూసి ఉన్నాడు. అంత గౌరవం మా ఆయనకు పదవిలో ఉన్నప్పుడు కూడా దక్కలేదు.

అక్క నా పక్క సీట్లో బెల్టు పెట్టుకుని ఇదంతా చూస్తుండేది. ఏమీ అనలేదు కాబట్టి నా డ్రైవింగు మీద ఆమెకు ఏ అభిప్రాయమూ లేదనుకున్నాను.

ఒకరోజు కల్వర్టు కడుతున్న చోట మా ముందున్న టిప్పర్ ఎందుకో వెనక్కి రావడం మొదలుపెట్టింది. మెల్లగానే వస్తోంది. హారన్ కొట్టవచ్చు, లేదా నేనూ వెనక్కి పోవచ్చు. నేను రెండు చేతులతో స్టీరింగును బిగించి పట్టుకుని దాన్ని చూస్తూ కూర్చున్నాను. పైగా నా కాలు ఎక్కడ ఉందో ఏమో, మా కారు కూడా దానికి ఎదురు పాకుతోంది.

"బిరేకు" అని వినబడింది.

బ్రేకు తొక్కాను. టిప్పర్ కూడా దేవుడి దయవల్ల ఆగింది. అన్నది ఎవరో అప్పుడు గానీ నాకు తట్టలేదు. తిరిగి చూస్తే అక్క తన నోటిని తానే నమ్మలేనట్టు కూర్చుని ఉంది.

"ఏమన్నవ్ అక్కా? మల్ల అను" అన్నాను.

"బిరేకు" అంది మళ్ళీ, ఈసారి కోపంగా. సంతోషంలో నేను కాలు తీసేశాను మరి.

ఆ రోజు నుంచి అక్కకు మాటలు రావడం మొదలైంది, అన్నీ రోడ్డు మీద మాటలే. ఒక ప్రయాణంలో "ఆగు", ఇంకో ప్రయాణంలో "పో". తర్వాత "గుంత". తర్వాత "ఎడ్మ", నేను కుడికి తిప్పుతున్నప్పుడు. ఒకసారి బండ్లన్నీ నిలిచిపోయినచోట బుట్టతో వచ్చిన ఆవిడ "తియ్యగున్నయ్ అవ్వా" అని కిటికీలోంచి జామకాయ అందిస్తే, అక్క దాన్ని ఎడమ చేత్తో నొక్కి చూసి "పచ్చి" అని వాపసిచ్చింది. ఆవిడకు కోపం వచ్చింది. కొత్త మాట వచ్చిన ఆనందంలో నేను సగం బుట్ట కొన్నాను. ఆ కాయలు నిజంగానే పచ్చివి. నా మీద విసుగు బాగా ముదిరిన రోజున "థూ" కూడా వచ్చింది. అది మాటల్లోకి వస్తుందా అని దవాఖాన అమ్మాయిని అడిగితే, వస్తుందనే చెప్పింది.

ఇంట్లో మాత్రం అక్క నోరు విప్పదు. ఆవు బొమ్మ చూపిస్తే ఇప్పటికీ గోడే.

"ఇంట్లో ఏం ఎక్సర్‌సైజులు చేయిస్తున్నారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఏం లేదమ్మా, కారు నడుపుతున్న" అన్నాను.

నవ్వింది. కోపం, భయం ముంచుకొచ్చినప్పుడు మాట దానంతటదే తోసుకొస్తుందని, అలా వచ్చినవాటిని పట్టుకుని వాక్యాల దాకా తీసుకుపోవాలని చెప్పింది. ఒక్కో మాట దగ్గరే ఆగిపోయేవాళ్ళు కూడా ఉంటారని నెమ్మదిగా అంది. ఆ చివరి మాట నా గుండెలో ముల్లులా దిగింది. అయినా ఆ రోజు గర్వంగానే ఇంటికి వచ్చాను. నా చేతకానితనం ఇంకొకరికి మందుగా పనికొస్తుందని నాకు అంతవరకు తెలియదు.

ఆ గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు. కారు తలుపు మీద పొడుగాటి గీత చూసి మా ఆయన నిలదీశాడు. రోడ్డు పక్కన పెట్టిన సిమెంటు దిమ్మెలే అడ్డం వచ్చాయని చెప్పాను.

"నువ్వు నడుపుడు, ఆమె కూసునుడు, ఈడ మాకు కాళ్ళు చేతులు ఆడ్తలేవు" అన్నాడు. "రేపటికెల్లి నా డ్రైవర్ వస్తడు. నువ్వు ఎన్క కూసో."

ఆ డ్రైవర్ బంగారంలాంటి మనిషి. శంకర్‌పల్లి దారి పట్టి, ఊళ్ళ మధ్య సందుల్లోంచి ఒక్క కుదుపు లేకుండా తీసుకుపోయి దవాఖాన తలుపులు తెరవకముందే దించాడు. అక్క దారంతా నిద్రపోయింది. తర్వాతి సారి కూడా నిద్రపోయింది. ఆ వారమంతా ఒక్క కొత్త మాట లేదు, ఉన్న మాటలు కూడా తక్కువయ్యాయి.

"మీ డ్రైవర్ వద్దు. మంచిగ నడుపుతున్నడు" అని మా ఆయనకు చెప్పాను.

"మంచిగ నడుపుతే వద్దా?"

ఎందుకో విడమరిచి చెప్పాను. ఆయన జేబులోంచి తాళం తీశాడు. "అయితే నువ్వే పో. నీ అంత అధ్వానంగ నడిపేటోడు నాకైతే దొరకడు" అని తాళం నా చేతిలో పెట్టాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నా పనితనాన్ని ఒప్పుకున్నది అప్పుడే.

మళ్ళీ మాటలు వచ్చాయి. ఒకటొకటిగా చాలా వచ్చాయి. కానీ ఒకదాని పక్కన ఇంకొకటి చేరలేదు. డాక్టరు చెప్పిన ఆ కొన్ని నెలలు కరిగిపోతున్నాయని నాకు తెలుసు. రాత్రి పడుకుంటే మర్నాడు ఎక్కడ బండ్లు ఎక్కువ ఆగుతాయో ఆలోచించేదాన్ని. రోడ్డు పని ఇంకా సాగాలని కోరుకున్నది ఈ మండలం మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పని ఆగలేదు. ఒక మంచిరోజు చూసి కొత్త రోడ్డులో కొంత భాగం తెరిచారు. రిబ్బన్ కత్తిరించిన ఫొటోలో రెండో వరసలో మా ఆయన కూడా ఉన్నాడు.

ఆ మర్నాడే మా ప్రయాణం. నల్లగా నిగనిగలాడుతూ వెడల్పాటి రోడ్డు, తెల్ల గీతలు, చుట్టూ ఎవరూ లేరు. ఆటో అతను లేడు, పాలక్యాన్ల పెద్దాయన లేడు, జెండా ఊపేవాడు లేడు. ఇంజన్ గోల భరించలేక మూడో గేరు వేశాను. అది నిజంగానే ఉంది. కారు మెత్తగా పోతోంది. అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది, ఒక్క మాట లేదు. దారి సగం అయిపోయింది. ఇంకాసేపట్లో దవాఖాన వచ్చేస్తుంది. ఇక నుంచి ప్రతిసారీ ఇంతే కదా అనుకున్నాను. అక్క మాటలన్నీ ఆ గుంతల్లోనే ఉండిపోయినట్టు, వాటి మీద తారు పోసేసినట్టు అనిపించింది.

వెనక ఎవరూ లేరని చూసుకుని, ఉత్తపుణ్యానికి బ్రేకు తొక్కాను. అక్క నావైపు చూసి మళ్ళీ బయటికి చూసింది. ఫస్ట్ గేర్‌లోకి వచ్చాను. ఎవరూ లేని రోడ్డు మీద హారన్ కొట్టాను. కుడి ఇండికేటర్ వేసి ఎడమకు జరిగాను. ఎండ మండిపోతుంటే వైపర్లు వేశాను. అవి కర్రుకర్రుమని అటూ ఇటూ ఊగుతున్నాయి, నేను ముందుకు చూస్తూ పాకుతున్నాను, అక్క పలకదు. ఒక లారీ మమ్మల్ని దాటిపోతూ తిట్టి మరీ పోయింది.

అప్పుడు అక్క ఇంకా సగమే లేచే కుడి చేతిని తెచ్చి గేరు మీద ఉన్న నా చేతి మీద వేసింది.

"కావాల్నని... జేస్తున్నవ్" అంది.

రెండు మాటలు, ఒకదాని వెంట ఒకటి. "లేదక్కా, నాకు నడుపుడు రాదు, నీకు తెల్వదా" అన్నాను.

అక్క తల అడ్డంగా ఊపింది. పెదవులు చాలాసేపు కదిపింది. మాట దొరక్కపోతే వదిలేసి, మళ్ళీ మొదటి నుంచి వెతుక్కుంది.

"మంచిగ నడుపు" అంది. ఊపిరి పీల్చుకుంది. "నేను... మాట్లాడుత."

నాకు ముందున్న రోడ్డు కనబడలేదు. పక్కకు తీసి ఆపుదామని బ్రేకు తొక్కాను, క్లచ్ తొక్కడం మరిచిపోయాను. కారు ఎగిరిపడి ఆగిపోయింది.

"ఇది కావాల్నని చేసింది కాదక్కా" అన్నాను ఏడుస్తూ.

"ఎరికే" అంది అక్క.