పదిహేను అక్షరాల కార్డు

గడియారాలు బాగుచేసే అత్తయ్యకు ఓపిక ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో సెకన్ల ముల్లు ఎత్తుతూనే వీధి సంగతులన్నీ చెప్పేస్తుంది. యాభై దాటాక కంప్యూటరు నేర్చుకుంది. అదీ వాళ్ల తాతయ్య వదిలిన కార్డు కోసం.

ఊరి గడియారం చేసింది ఆయనే. పేరు కొట్టేసింది కాంట్రాక్టరు. వచ్చే వారం గడియారపు గోపురం కింద పెట్టే పలక మీదా కాంట్రాక్టరు పేరే వేస్తారట. తాతయ్యకు మిగిలిన సాక్ష్యం ఒక్క కార్డు. గడియారం ఎక్కించడానికి ఏడాది ముందే మునిసిపల్ ఆఫీసులో తేదీ ముద్ర వేయించి పెట్టాడు. దాని మీద కలగాపులగంగా పదిహేను అక్షరాలు. కనిపెట్టింది బయటపెడితే ఎవడో ఎత్తుకుపోతాడు, దాచుకుంటే రుజువుండదు. అందుకని వాక్యాన్ని అక్షరాలుగా విడగొట్టి కలిపేశాడు. విప్పి చెప్పేలోగా ఆయనే వెళ్లిపోయాడు.

ఆ అక్షరాలను అరవై అయిదు వేల కోట్ల రకాలుగా పేర్చవచ్చు. అత్తయ్య కంప్యూటరుకు నిఘంటువంతా మేపింది. అది వాక్యాలు కక్కుతూనే ఉంది. కాస్త సాగదీస్తే తాతయ్య వైపు పలికేవి నలభై దాకా తేలాయి. పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తింది.

గుమాస్తా చదివి నవ్వాడు. "నలభై దొరికాయంటే ఒక్కటీ దొరకనట్టేనమ్మా. మీకేం కావాలో అదే చెప్తోంది మీ పెట్టె."

ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం చూపిస్తుంటే మావయ్య అన్నాడు:

"మీ తాత ఎప్పుడైనా తన గొప్ప చెప్పుకున్నాడటోయ్? చెప్పుకునే రకమైతే నీకీ తిప్పలెందుకు?"

"ఏమండీ, ముప్పై ఏళ్లలో మొదటిసారి పనికొచ్చే మాటన్నారు!"

తాతయ్య రాసుకునేవి పని మాటలే కదా అని, ఆయన మరమ్మతుల పుస్తకం తీసింది. నిఘంటువు పక్కన పడేసి, ఆ పుస్తకంలో ఆయన వాడిన నాలుగు వందల మాటలే కంప్యూటరుకు ఇచ్చింది. ఈసారి వాక్యాలు మూడే వచ్చాయి. మాటల వరస మారినా మూడిట్లోనూ సంగతి ఒకటే: "లోలకానికి నడిమి కడ్డీలు ఇత్తడివి."

ఎండకు లోలకం ఇనుప కడ్డీ సాగితే గడియారం వెనకబడుతుంది. ఇత్తడి అంతకన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి, సరిగ్గా అమరిస్తే లోలకం గుండును అంతే పైకెత్తి, ఆ సాగుడుకు ఇది విరుగుడవుతుంది. కాంట్రాక్టరు ఆఫీసుకు ఇచ్చిన పటంలో మాత్రం కడ్డీలన్నీ ఇనుమే. కడ్డీలకు నల్లరంగు పూసి ఉండడంతో ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు.

మర్నాడు ఉదయం అత్తయ్య, మావయ్య, గుమాస్తా గోపురం ఎక్కారు. కిందపడ్డ మరలు ఏరుకునే అయస్కాంతాన్ని అత్తయ్య పక్క కడ్డీకి ఆనించింది. టప్పున అతుక్కుంది. నడిమి కడ్డీకి ఆనించింది. జారి గుమాస్తా చెప్పు మీద పడింది.

"ఇంకో కడ్డీ చూడండి," అన్నాడాయన, కాలు వెనక్కి తీసుకుంటూ.

అదీ జారింది.

గుమాస్తా జేబులోంచి కలం తీసి, పలక నమూనాలో కాంట్రాక్టరు పేరు కొట్టేశాడు.

"మీ తాతగారి పేరు చెప్పండమ్మా."

అత్తయ్య అయస్కాంతాన్ని మళ్లీ నడిమి కడ్డీకే ఆనించి చూసుకుంటోంది. మావయ్యే చెప్పి, కాగితంలోకి తొంగి చూశాడు.

"అక్షరాలు వరసగానే రాయండి బాబూ. మళ్లీ కలిపేస్తే ఈవిడ ఇంట్లో వంట మానేస్తుంది."