పసుపు రాసిన యాష్ చెట్టు

మొన్న పెరటికి పార కొందామని షాపుకి వెళ్తే, పిడులన్నీ ఫైబర్‌వో మరో కర్రవో తప్ప యాష్ కర్రది ఒక్కటీ కనబడలేదు. అడిగితే కౌంటర్ దగ్గరి పెద్దాయన, ఆ కర్ర ఇప్పుడు దొరకడం కష్టమైందని, పోయిన చుట్టం కబురు చెబుతున్నట్టు మెల్లగా చెప్పాడు. పార కొనకుండానే వచ్చేశాను.

ఈ దేశం వచ్చాక అరోరా అనే ఊళ్లో మేము మొదటి ఇల్లు కొన్నప్పుడు వీధి పొడవునా యాష్ చెట్లే. మా పెరట్లోది నడుమెత్తున రెండుగా చీలి, మధ్యలో మనిషి దూరేంత సందుతో ఉండేది. వసంతంలో అన్నిటికన్నా ఆలస్యంగా చిగురించి, చలి మొదలవకముందే ఆకు రాల్చేసే బద్ధకపు చెట్టు. ఒకే ఈనెకు ఎదురెదురుగా జతలు జతలుగా ఆకులు, ఒంటిరెక్క గింజలు గుత్తులుగా. బాబు పుట్టాక మాతో ఉండటానికి వచ్చిన అత్తగారు ఆ ఆకు చూసి అది వేపేనని తేల్చేశారు. నమిలి చూడండి, చేదు లేదు కదా అన్నాను. ఈ దేశంలో దేనికి రుచి ఉంది గనక అని, ఆ శుక్రవారమే మానుకు పసుపు రాసి బొట్లు పెట్టారు. ఇక ఏ శుక్రవారమూ తప్పలేదు.

బాబుకి ఉబ్బసం. ఒకరోజు పక్కింటి ముసలావిడ కంచె అవతల నిలబడి, వాళ్ల పూర్వీకుల ఇంగ్లండులో జబ్బుపిల్లల్ని చీల్చిన యాష్ మొక్క నడుమ నుంచి దాటించి నయం చేసుకునేవారని, ఆ తరవాత చెట్టుకీ బిడ్డకీ ప్రాణం ఒకటేనని, చెట్టు కొడితే బిడ్డకి చేటని నమ్మేవారని చెప్పింది. నేను ఊరుకోవచ్చు కదా. అంట్లు తోముతూ అత్తగారికి నవ్వులాటగా తెలుగులో అంతా చెప్పాను. మర్నాడు ఆఫీస్ నుంచి వచ్చేసరికి ఆవిడ మావాణ్ణి ఆ సందులోంచి మూడుసార్లు దాటించి, దిష్టి కూడా తీసి, తాపీగా కాఫీ తాగుతున్నారు. వాడి ఆయాసం వయసుతో తగ్గిపోయింది. మందుల వల్లనని నేను, చెట్టు వల్లనని ఆవిడ, ఏళ్ల తరబడి వాదించుకున్నాం.

మావాడు ఉద్యోగానికి దూరాన ప్లేనో అనే ఊరికి వెళ్లిన కొన్నేళ్లకి మా చెట్టు మీద వడ్రంగిపిట్టలు వాలసాగాయి. పిట్టలు రావడం శుభమని అత్తగారు మురిసిపోయారు. అవి బెరడు కింది పురుగుల కోసం వస్తున్నాయని మాకేం తెలుసు? ఆకుపచ్చ పెంకుపురుగు పిల్లలు బెరడు కింద సొరంగాలు తవ్వి చెట్టుకి నీరందకుండా చేస్తాయట, పెద్దవయ్యాక ఇంగ్లీషు డి అక్షరంలాంటి చిన్న చిల్లులు చేసుకుని బయటికొస్తాయట. ఆ చిల్లులు చూసే ఎదురింటివాళ్లు వేళకి తమ చెట్టుకి ఇంజెక్షన్లు వేయించారు. మా చెట్టుకి మాత్రం మా ఎత్తు వరకూ ఏళ్లనాటి పసుపు అట్టకట్టి ఉంది. తల ఎండిపోయాక వచ్చిన చెట్ల డాక్టరు చాకుతో ఆ పసుపు గీరితే కిందంతా చిల్లులే. రెండేళ్ల ముందు పిలిచి ఉంటే బతికేదన్నాడు. ఈ పెయింటేమిటని కూడా అడిగాడు.

చెట్టు కొట్టిన రోజు నుంచి అత్తగారు మనవడికి రోజూ ఫోన్ చేసి ఊపిరెలా ఉందని అడిగేవారు. "ఐ యామ్ ఫైన్ నానమ్మా, బ్రీతింగ్ బాగానే ఉంది" అని వాడు ఎంత చెప్పినా నమ్మకం కుదిరేది కాదు. తిండి తగ్గించేశారు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "నా చేత్తోనే వాడి ఆయుష్షు కప్పెట్టేశానమ్మాయ్" అన్నారు.

"అది ఉత్త కథండీ అత్తయ్యగారూ."

"చెప్పింది నువ్వే కదమ్మా."

ఆ చలికాలంలోనే, ఆ భయంతోనే పోయారు. నేను చెప్పిన వేల మాటల్లో ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మింది అదొక్కటే.

మా వీధిలో ఇప్పుడు ఒక్క యాష్ కూడా లేదు. ఎదురింటిది కూడా ఇల్లు చేతులు మారాక పోయింది. కంచె వారన పాత గింజల మొలకలు లేచాయి గానీ, కాండం మణికట్టంత లావయ్యేసరికి పురుగు వెతుక్కుంటూ వచ్చేస్తుంది. పక్కింటావిడా లేదు. ఆ కథలో తప్పించుకునే దారి ఏదైనా ఉందా అని అడగడానికి మనిషి లేదు. మావాడికి నలభై దగ్గర పడుతోంది, నిక్షేపంలా ఉన్నాడు. ఉత్త కథేనని నాకు తెలుసు. అయినా రోజూ సాయంత్రం వాడికి ఫోన్ చేసి ఆ మాటా ఈ మాటా అడుగుతాను, వాడు జవాబు చెబుతుంటే మాటలు వదిలేసి ఊపిరి వింటాను.