అమ్మ పోసిన నారుమడి

మొన్న మా మనవరాలు ఫోను నా చేతికిచ్చి, "అమ్మమ్మా, ఈయన లోకాంతం ఎప్పుడో చెప్తున్నాడు చూడు" అంది. కోటు తొడుక్కున్న ఆ పెద్దమనిషి వేళ్ళు మడుస్తూ బైబిల్లోని దానియేలు గ్రంథంలోంచి లెక్కలు తీస్తుంటే ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. ఇలాంటి లెక్కే ఒకటి మా అమ్మనేం చేసిందో నా ఈడువాళ్ళకు చెబితేనే అర్థమవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు దాటిన రోజులు. నందిగామకూ పెనుగంచిప్రోలుకూ మధ్య, మునేటి గట్టున మా ఊరు. తాటాకు మందిరంలో కొద్ది గడపల సంఘం, దానికి మా నాన్న పెద్ద. ఆదివారం మందిరంలో అందరూ పంచుకుని తినే ప్రభువు బల్లకు పులియని రొట్టె పెద్దగారింట్లోనే చెయ్యాలన్నది మా ఆచారం కనుక, శనివారం పొద్దుగూకే వేళ అమ్మ తలస్నానం చేసి, పస్తుండి ఆ రొట్టె కాల్చేది. మాడిన అంచు కోసం నేను పొయ్యి దగ్గరే కాచుక్కూర్చున్నా, అది దేవుడి సొమ్మంటూ ఒక్క తునక పెట్టేది కాదు.

ఆ వేసవిలో జగ్గయ్యపేట నుంచి ఒక ప్రసంగీకుడు సైకిలు మీద వచ్చి, మునేటికి కొత్త నీళ్ళు తగిలేలోపే ప్రభువు మేఘాల మీద వస్తాడని, ఇక విత్తనం చల్లినవాడు అవిశ్వాసేనని తేల్చేశాడు. ఏం మాట్లాడేవాడనుకున్నారు! వింటుంటే తల దానంతటదే పైకి లేచేది. మిరప నారు పోసుకోవలసిన అదునులో మావాళ్ళంతా తెల్లబట్టలు ఉతుక్కుని పాటలు పాడుతూ కూర్చున్నారు. అమ్మ మాత్రం కౌలు చేలో ఓ మూల మడి కట్టి, మా చేనుకు కావలసినదానికంటే ఎక్కువే విత్తనం చల్లింది. నాన్న అడ్డుపడితే, "వస్తే సంతోషమే గదండీ, ఆయనతోపాటే పోదాం. రాకపోతే ఈ పిల్లలకి ఆకాశం చూపించి అన్నం పెడతామా?" అని తన పని తాను చూసుకుంది.

మునేటికి నీళ్ళొచ్చాయి. ప్రభువు రాలేదు. అప్పుడు మొదలైంది అసలు రగడ. ఆయన అదృశ్యంగా వచ్చేశాడని కొందరు, లెక్కలో ఏడాది తప్పిందని కొందరు, మందిరంలోనే ఒకరి మీద ఒకరు వాక్యాలు విసురుకున్నారు. ప్రసంగీకుడు మళ్ళీ వచ్చి, పెద్దగారింట్లోనే అవిశ్వాసం ఉంటే రాకడ ఎలా జరుగుతుందని ఒక్క మాటతో రెండు పక్షాలనూ కలిపేశాడు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకునేదాకా అమ్మకు బల్లలో పాలు లేదన్నారు. "చెయ్యని తప్పు ఎట్టా ఒప్పుకుంటానండీ" అన్నది అమ్మ, అంతే. ఆ తీర్పు చెప్పినవాళ్ళే, వానలు పట్టాక, గంపలు పట్టుకుని నారు కోసం మా చేలోకి వచ్చారు. సిగ్గుండొద్దూ! అమ్మ ఎవరినీ కాదనకుండా పీకి ఇచ్చింది. ఆ ఏడు మా పేటలో ప్రతి వాకిట్లోనూ ఎండిన మిరపకాయ అమ్మ మడిలోదే.

రొట్టె మాత్రం అమ్మే చేసేది, ఆచారం ఆచారమే కదా. ఆ చేసిన మనిషి ముందు నుంచే నాన్న తల వంచుకుని పళ్ళెం దాటించుకుపోయేవాడు. అమ్మ ఒక్క ఆదివారమూ మానలేదు, వెనక్కి జరిగి కూర్చోనూ లేదు.

కొన్నేళ్ళకు నాకు మునేట్లో బాప్తిస్మమిచ్చి మొదటిసారి బల్లలో కూర్చోబెట్టారు. పళ్ళెం రాగానే ముక్క తీసుకుని, అందులో సగం తుంచి పక్కనున్న అమ్మ చేతిలో పెట్టాను. మందిరంలో గుసగుసలు రేగాయి. అమ్మ నాకేసి చూసి, నాన్నకేసి చూసి, నోట్లో వేసుకుంది. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. మరుసటి వారం నుంచి పళ్ళెం మా ఇద్దరినీ దాటిపోయేది. పోతే పోనీ అనుకున్నాం. అమ్మ పోయేదాకా అంతే. తర్వాత వచ్చిన పెద్దలకు ఆ సంగతే తెలియక నాకు మళ్ళీ ఇవ్వసాగారు.

ఇప్పుడక్కడ స్లాబు మందిరం, మైకులు, కొట్లో కొన్న బిళ్ళల్లాంటి రొట్టెలు. ఆ రోజుల్లో ఒక్క వాక్యం కోసం అన్నదమ్ములు మాటలు మానుకునేవారు. ఇప్పుడు ఎవరు తిన్నారో ఎవరు తినలేదో పట్టించుకునే నాథుడు లేడు. పెద్దదాన్నని పళ్ళెం ముందు నాకే ఇస్తారు. నేను రెండు ముక్కలు తీసుకుంటాను, నాదొకటి, అమ్మదొకటి. ఇదేమిటని ఎవరైనా నిలదీస్తే లేచి అంతా చెప్పాలని ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.